నలభై గొలుసులు

మా బావతో కలిసి నడవడం కంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు. మాట్లాడడు, ఆగడు, నీడ కనిపించినా కూర్చోడు. మధ్యలో మనం కూర్చుంటే తిట్టడు కూడా, నిలబడి గడియారం చూసుకుంటాడు. అది తిట్టు కంటే హీనం. పాతికేళ్లకు పైగా ప్రభుత్వం దగ్గర జీతం తీసుకుని ఆయన చేసిన పని ఆ నడకే. భూమి కొలిచే గొలుసు మోసేవాడని ఆఫీసులో అందరూ గొలుసాయన అనేవారు. మొహం మీద అన్నా ఏమీ అనుకునేవాడు కాదు.

మా ఆఫీసు ఏం చేస్తుందో చాలామందికి తెలీదు. మా అక్కకే పెళ్లయిన పదేళ్ల దాకా అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే, "ఆయనా? పొలాలు చూసొస్తారు. మావి కాదు, ఊళ్లోవాళ్లవి," అని చెప్పేది. నిజానికి అంతకంటే చక్కగా నేనూ చెప్పలేను. అయినా ప్రయత్నిస్తాను.

నదికి ఈ పక్కన మైళ్ల కొద్దీ పచ్చిక బయళ్లు, చిత్తడి నేలలు, ఊటలు ఉన్నాయి. ఊరు తాగే నీళ్లు వాటిలోంచి ఇంకి వచ్చినవే. అవి సర్కారు భూములు కావు, రైతులవి. ఊరు పెరుగుతున్నకొద్దీ ఇళ్లు అటే పాకడం మొదలైంది. అన్నీ కొనేద్దామంటే ఖజానా చాలదు. అందుకని రాష్ట్ర ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. భూమి కొనదు. ఆ భూమ్మీద కట్టడం కట్టే హక్కు ఒక్కటీ కొంటుంది. భూమి నీదే, గడ్డి నీదే, ఆవులు నీవే, రేపు ఇంకొకరికి అమ్ముకున్నా నీ ఇష్టమే. ఎవరి చేతికి పోయినా ఇటుక మీద ఇటుక పెట్టకూడదు, అంతే. ఎప్పటికీ పెట్టకూడదు.

ఎప్పటికీ అన్న మాట కాగితం మీద రాయడం తేలిక. రాసి ఊరుకుంటే నాలుగేళ్లకో కొట్టం లేస్తుంది, ఆరేళ్లకి దానికి తలుపు వస్తుంది, పదేళ్లకి అందులో ఎవరో కాపురం పెడతారు. కాబట్టి ఏటా ఎవడో ఒకడు వెళ్లి, హద్దు రాళ్ల వెంట చుట్టూ నడిచి, చూసిందేదో రాసి సంతకం పెట్టాలి. ఆ ఎవడో ఒకడు మా బావ. అలాంటి ఒప్పందాలు నూట పన్నెండు.

నడకకి వెళ్తే తన నీళ్లు తనే మోసుకెళ్లేవాడు. భూమి గలవాళ్ల ఇంట్లో గ్లాసుడు నీళ్లు కూడా ముట్టడు. ముట్టుకుంటే ఏమవుతుంది బావా అంటే, "దాహం తీరుతుంది. తీరాక వాళ్ల చూరు రెండడుగులు గీత దాటిందని చెప్పడానికి నోరు రాదు," అనేవాడు. చూరు దాటిందని నిజంగానే ఒకాయన చేత కోయించాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం కాదు. నాలుగు కాళ్లూ లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, రాసింది మనకి చూపించి మరీ చెప్పే రకం. నాకు ఒళ్లు మండేది.

నేను పంతొమ్మిదేళ్లప్పుడు అక్క ఇంటికి వచ్చి పడ్డాను. చదువు అబ్బలేదు, చేతిలో గీత మాత్రం తిన్నగా వచ్చేది. బావ నన్ను కూర్చోబెట్టి పటం చదవడం నేర్పాడు. ఆ తర్వాత ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించాడు. ఆయన కొలిచి తెచ్చిన అంకెల్ని గీతలు చేయడమే అప్పట్నుంచీ నా పని. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆయన తప్పు పట్టుకున్నవాణ్ని నేనే.

బావ పదవీ విరమణకి ఆరు వారాలుంది. ఆ ఏడు ఆఫీసుకి కొత్త యంత్రం వచ్చింది. రాయి మీద పెడితే ఆకాశంలో ఉపగ్రహాల్ని అడిగి ఆ రాయి ఎక్కడుందో అంగుళాలతో సహా చెప్తుంది. బావ తన చివరి తనిఖీలో దాన్ని భుజాన వేసుకుని రాయి రాయికీ తిరిగాడు. ఆయన తెచ్చిన అంకెలు నేను కంప్యూటర్లోకి ఎక్కించి, పాత పటాల మీద పరిచి చూస్తున్నాను. ఎక్కించినవన్నీ పాత గీత మీద ముద్దుగా కూర్చున్నాయి. ఒక్క పాలావిడ భూమిలో మాత్రం పై గీత మీదున్న అయిదు రాళ్లూ చాలా ఎగువన, రోడ్డు దగ్గర పడ్డాయి.

పాలావిడంటే నది పక్క రోడ్డు మొదట్లో ఆరు ఆవులు పెట్టుకుని పాలమ్మే మనిషి. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆ ఒప్పందం మీద వేలిముద్ర ఆయనదే. మా ఆఫీసు పెట్టిన కొత్తలో రాసుకున్న మొట్టమొదటి ఒప్పందం అది. అందులో ఉన్న మాట చిన్నదే. రేవు దగ్గర నాటిన రాయి నుంచి పైకి నలభై గొలుసుల దూరం వరకు కట్టడాలు లేకుండా ఉంచాలి. గొలుసంటే అరవై ఆరు అడుగులు. ఆ భూమి పొడవు యాభై రెండు గొలుసులు. అంటే నలభై సర్కారుకి మాటిచ్చి, రోడ్డు వైపు పన్నెండు తన ఇష్టానికి ఉంచుకున్నాడు.

రాళ్లు నలభై దగ్గర లేవు. యాభై దగ్గర ఉన్నాయి.

తప్పు నాదేనని ముందు నా అంకెలు చూసుకున్నాను. తర్వాత యంత్రాన్ని అనుమానించాను. చివరికి గోడ గడియారాన్ని కూడా అనుమానించాను. ఏం చూసినా లెక్క అదే వచ్చింది. పది గొలుసుల పొడవు, పదిహేను గొలుసుల వెడల్పు, మొత్తం పదిహేను ఎకరాలు. వాటిని మేం కొనలేదు, ఆవిడ అమ్మలేదు. ఇరవై ఆరేళ్లుగా అందులో ఇల్లు కట్టకూడదని ఏటా రాసి సంతకం పెడుతున్నది మా బావ.

మధ్యాహ్నం ఆయన్ని పిలిచి చూపించాను. తెరకేసి చాలాసేపు చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పని వేళలో ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదలు.

"మిగతావన్నీ చూశావా?" అన్నాడు.

"సగం చూశాను. బాగానే ఉన్నాయి."

"మిగతా సగం కూడా చూడు. అన్నీ చూశాక చెప్పు."

తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో బావ కంచం ముందు కూర్చోవడం, నాలుగు ముద్దలు కెలికి లేవడం. మిగతా నూట పదకొండూ అడుగు అటూ ఇటూ కాలేదు. ఆ మాట చెప్తే సంతోషిస్తాడనుకున్నాను. తలూపి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ముందు విషయం బయటపెట్టక తప్పలేదు. ఆవిడ ముందు ఏదీ దాగదు. "మొన్నటి నుంచీ ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తిరుగుతున్నారు. ఎవరి సొమ్ము కొట్టేశారు?" అని అడిగింది.

"పాలావిడది," అన్నాడు బావ.

ఎలా జరిగి ఉంటుందో ఆయనే చెప్పాడు. అప్పటికే కొలిచే యంత్రాలు లోకంలో ఉన్నాయి, మా ఆఫీసుకి మాత్రం రాలేదు. గొలుసుతో ఇద్దరు కొలిచేవారు. ముందువాడు గొలుసు లాగి, కొస దగ్గర ఒక ఇనప పుల్ల గుచ్చుతాడు. వెనకవాడు దాని దాకా వచ్చి పుల్ల పీక్కుంటాడు. పుల్లలు పది. పదీ వెనకవాడి చేతికి చేరితే పది గొలుసులు అయినట్టు. అప్పుడు వెనకవాడు కింద నుంచి ఒక గులకరాయి తీసి జేబులో వేసుకుని, పుల్లలన్నీ ముందువాడికి ఇచ్చి మళ్లీ మొదలు. జేబులో నాలుగు రాళ్లు చేరితే నలభై. ఆ రోజు వెనకవాడు మా బావ.

"ఆ వారంలోనే కదే నీకు ప్యాంటు ఇచ్చాను, జేబు చిరిగింది కుట్టమని," అన్నాడు అక్కతో. "చిల్లర ఎక్కడో రాలిపోయిందనుకున్నాను. చిల్లర ఒక్కటే కాదన్నమాట. ఒక రాయి జారిపోయి ఉంటుంది. చేత్తో తడిమితే మూడే తగిలాయి, ఇంకో పది లాగాం."

ఆ తర్వాత ఆయన రాళ్లు మానేసి, తాడుకి ముడులు వేయడం మొదలుపెట్టాడు. జేబు చిరిగిందని మానేశాడు తప్ప లెక్క తప్పిందని కాదు. అందుకే మిగతావన్నీ సరిగ్గా వచ్చాయి.

అక్క మొహం చిన్నబోయింది. "అయితే ఇప్పుడు నేను జేబు కుట్టకపోవడం వల్లనంటారా? కొత్త పెళ్లికూతురికి చిరిగిన ప్యాంటు ఇచ్చింది ఎవరు?"

"నిన్నెవరన్నారు? చిరిగిన జేబులో లెక్క వేసుకున్నది నేను."

నాకు మాత్రం భయం పట్టుకుంది, భయంతో పాటు కోపం. చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పేశాను. "బావా, ఆ పదిహేను ఎకరాల్లో ఏముందో నీకు తెలుసు. ఊట గుంట ఉంది. రెండు ఎండాకాలాలు ఊరి బావుల్లో నీళ్లు నిలబడ్డాయంటే ఆ గుంట వల్ల. రాయి తీసేస్తే రోడ్డు పక్క స్థలం, రెండేళ్లు తిరక్కుండా అక్కడ కాంక్రీటు పోస్తారు. తప్పు జరిగితే జరిగింది, మంచికే జరిగింది. నీకా ఇంకో నెల సర్వీసు. ఈ అంకెలు నాకు తప్ప ఎవరికీ తెలీవు. కొరివితో తల గోక్కోవడం ఎందుకు?"

"అంకె మార్చేస్తావా?"

"మార్చను. ఎక్కించను. యంత్రం సరిగా పట్టలేదని రాస్తాను. ఇరవై ఆరేళ్లు ఊరుకున్నారు కాబట్టి ఆ గీతే ఖాయమని లాయర్లు అంటారు, కావాలంటే అడుగుదాం."

"దొంగతనం పాతబడితే సొంతమవుతుందంటావు."

"నువ్వు దొంగతనం చేయలేదు."

"చేయలేదు. ఇవాళ తెలిశాక నోరు మూసుకుంటే చేసినట్టే." నా వైపు తిరిగాడు. "ఆ నూట పదకొండు గీతలున్నాయి చూశావా, వాటికి కంచె లేదు, పోలీసు లేడు. గొలుసాయన కొలిచాడంటే కొలిచినట్టే అని ఊరుకుంటున్నారు. ఒక్కటి అబద్ధమని తెలిసి కూడా నేను దాచానంటే, మిగతా గీతల్ని ఎవడు నమ్మాలిరా?"

"గీత అబద్ధమైనా నీళ్లు నిజమే కదా బావా?"

"నిజమే. నాకూ ఆ గుంట పోతుందంటే బాధగానే ఉంది," అన్నాడు. అని, మర్నాడు పొద్దున్నే పాలావిడ దగ్గరికి వెళ్తున్నానని చెప్పాడు. ముందు ఆఫీసరుకి చెప్పి తర్వాత వెళ్లమని బతిమాలాను. "ఆఫీసరుకి చెబితే ముందు ఫైలు పుడుతుంది. ఆవిడకి తెలిసేసరికి ఇంకో మూడేళ్లవుతుంది," అన్నాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. మా బావ అడుసు తొక్కానని ఊరంతా పిలిచి చెప్పి కడుక్కుంటానంటాడు. ఒంటరిగా పంపలేక నేనూ వెంట వెళ్లాను.

తెల్లవారుతోంది. పాలావిడ కొట్టంలో పాలు పితుకుతోంది. కూతురు గడ్డి వేస్తోంది. ఆ కూతురు, మొగుడు, ఇద్దరు పిల్లలు ఊళ్లో సైకిళ్ల కొట్టు మీద రెండు గదుల్లో అద్దెకుంటారు. రోజూ చీకటితోనే అంత దూరం నుంచి తల్లికి సాయంగా వస్తుంది. ఆవిడ ఇల్లు, కొట్టం, పెంటకుప్ప అన్నీ ఆ మిగిలిన రెండు గొలుసుల జాగాలోనే ఉన్నాయి. మిగతాదంతా వానకి నీళ్లు నిలిచే పల్లం, ఇంకో గది వేయడానికి చోటు లేదు.

"తనిఖీ అయిపోయింది కదా సారూ. మళ్లీ వచ్చారేం?" అంది పాలావిడ, ఆవు పొదుగు మీంచి చూపు తిప్పకుండా.

"తనిఖీకి రాలేదమ్మా. ఒక మాట చెప్పాలి."

"చెప్పండి. చేతులకే పని, చెవులు ఖాళీ."

బావ కొట్టం గుమ్మం బయటే నిలబడ్డాడు. నీళ్లు నమల్లేదు. "మీ భూమిలో పై రాళ్లు తప్పు చోట ఉన్నాయి. నలభై గొలుసుల దగ్గర పాతాల్సినవి యాభై దగ్గర పాతాను. పాతింది నేనే, తప్పు నాదే. పదిహేను ఎకరాలు మీ ఇష్టానికి వదలాల్సినవి. వాటిలో ఇల్లు కట్టొద్దనే హక్కు మాకు ఎప్పుడూ లేదు."

కూతురు చేతిలో గడ్డి మోపు కింద పడేసింది. పాలావిడ మాత్రం ఆగలేదు. ఆ ఆవుని పూర్తిగా పితికి, బిందె పక్కన పెట్టి, దూడని వదిలి, చేతులు కడుక్కుని అప్పుడు బయటికి వచ్చింది.

"ఆ రాళ్లు పాతిన రోజు మా ఆయన మిమ్మల్ని అడిగాడు. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఏమని అడిగాడు?"

"ఇంత దూరం వస్తుందనుకోలేదే అన్నాడు."

"మీరేమన్నారు?"

"కొలత కొలతే అన్నాను."

"పుస్తకం తీసి చూపించారు కూడా."

"చూపించాను."

"మా ఆయనకి చదువు రాదు," అంది పాలావిడ.

నేను అక్కడ నిలబడలేకపోయాను. పక్కకి వెళ్లి కంచె పట్టుకుని నిలబడ్డాను, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి.

"తనే సరిగ్గా వినలేదనుకున్నాడు సారూ. నలభై అన్నారో యాభై అన్నారో, తొందరపడి వేలిముద్ర వేసేశానే అనేవాడు. పిల్లకి చోటు లేకుండా చేశానని ఎప్పుడు చూసినా అదే మాట. మంచాన పడ్డాక కూడా అదే. తప్పు తనదే అనుకుని పోయాడు. మీరు ఇవాళ వచ్చి మీదంటున్నారు."

నిన్న అంత గట్టిగా వాదించిన నేను, ఊట గుంట గురించి, ఊరి నీళ్ల గురించి ఉపన్యాసం ఇచ్చిన నేను, ఈ మనిషి ఒకడుండేవాడని ఒక్కసారి కూడా అనుకోలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు క్షమించమని అడగడానికి వచ్చారా?" అంది.

"లేదమ్మా. చెప్పడానికే వచ్చాను. క్షమించడం, మానడం మీ ఇష్టం."

"అయితే మానేస్తాను."

"సరేనమ్మా," అన్నాడు బావ. ఇంటికి వచ్చేటప్పుడు మొదటిసారి ఆయన నాకంటే వెనక నడిచాడు.

పెద్దాఫీసరు తల పట్టుకున్నాడు. మంచివాడే, కానీ మంచివాళ్లకి కూడా ఫైలంటే భయం. "ఇంకో నెల ఆగలేకపోయావా? నువ్వు దిగిపోయాక ఎవరో ఒకరు కనిపెట్టేవారు కదయ్యా," అన్నాడు. బావకి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. వీడ్కోలు సభ పెట్టాలనుకున్నవాళ్లు విచారణలో ఉన్న మనిషికి సభేమిటని మానేశారు. మంచి సేవకి ఇచ్చే ప్రశంసాపత్రం మీద ఆయన పేరు అప్పటికే అచ్చయింది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్క ఆ పత్రానికి గోడ మీద మేకు కూడా కొట్టించి పెట్టింది. ఆ మేకుకి ఇప్పుడు గొడుగు తగిలిస్తున్నాం.

ఒప్పందంలో తప్పు లేదు కాబట్టి కాగితాలు తొందరగానే తేలాయి. రాళ్లు మార్చే రోజు యంత్రం ఉండగా బావ గొలుసు తెమ్మన్నాడు. యంత్రం చెప్పింది ఆవిడ కంటికి కనిపించదు, గొలుసు కనిపిస్తుంది అన్నాడు. నేను ముందు లాగాను, ఆయన వెనక వచ్చాడు. పాలావిడ చేతికర్ర పట్టుకుని రేవు రాయి దగ్గర నుంచి మా పక్కనే నడిచింది, ప్రతి గొలుసూ పైకి లెక్కపెడుతూ. ముప్ఫై దాటాక ఊపిరి అందక ఆగితే మేమూ ఆగాం. నలభై అనగానే కర్ర నేలలో గుచ్చింది. యంత్రం అక్కడికి అడుగున్నర తేడా చూపించింది. ఆ అడుగున్నర ఆవిడకే వదలమన్నాడు బావ. పాత రాళ్లు అయిదూ తనే తవ్వి తీశాడు. నేను పలుగు అందుకోబోతే ఇవ్వలేదు.

అప్పుడు ఊట గుంట గీతకి అవతల పడింది. నేను అటు చూడకుండా ఉండలేకపోయాను. బావ కూడా చూశాడు.

ఇలాంటప్పుడు ప్రభుత్వానికి మిగిలే దారి ఒకటే. మళ్లీ అడగడం. ఆ పదిహేను ఎకరాల మీద కట్టడం కట్టే హక్కు అమ్ముతారా అని, సరైన ధర కట్టి, కొత్తగా అడగాలి. ఆవిడ ఇష్టపడితేనే. పెద్దాఫీసరు ఆ కాగితం తయారుచేయించి, తీసుకెళ్లడానికి తనకి మొహం చెల్లక బావ చేతికిచ్చాడు. ఉద్యోగంలో బావ చేసిన చివరి పని అది. కాగితం టైపు చేసింది నేను.

పాలావిడ దాన్ని కూతురి చేత చదివించింది. రెండోసారి కూడా చదివించింది. మడిచి బావకి తిరిగి ఇచ్చేసింది.

"ఇవ్వను."

"సరేనమ్మా," అన్నాడు బావ, వెనక్కి తిరిగాడు.

"ఆగండి. మా పిల్లకి గది వేసుకుంటామని నేను మీ ఆఫీసుకి నాలుగుసార్లు అర్జీ పెట్టాను. నాలుగుసార్లూ వీల్లేదన్నారు. ఒక్కరు కూడా కూర్చోబెట్టి, ఏమ్మా, నీకేం కావాలి, ఏం చేద్దామనుకుంటున్నావు అని అడగలేదు. కాదన్నారు, అంతే. ఇప్పుడు మీకు కావాల్సి వచ్చింది. ఏడాదికోసారి వచ్చి మీరూ నాలుగుసార్లు అడగండి. అప్పుడు ఆలోచిస్తాను."

ఆలోచిస్తాననే అంది. ఇస్తాననలేదు. ఆ తేడా నేను బావకి దారంతా చెప్తూనే ఉన్నాను.

ఆ ఏడే కూతురు వదిలిన జాగాలో రోడ్డు వైపు మూడు గదుల ఇల్లు కట్టుకుంది. పిల్లలు ఇప్పుడు దూడల మధ్య పెరుగుతున్నారు. అంతవరకు ఊట గుంటకి ఏమీ కాలేదు. కానీ స్థలం సంగతి ఊరంతా తెలిసిపోయింది. ఇళ్లు కట్టి అమ్మే ఒక పెద్దమనిషి కారేసుకుని రెండుసార్లు ఆవిడ గుమ్మం ముందు ఆగాడు. మేం ఇవ్వగల దానికి మూడింతలు ఇస్తానన్నాడట. ఆయనకి ఆవిడ ఏం చెప్పిందో మాకు తెలీదు. అడిగితే చెప్పదు.

బావ విచారణ ఏడాదిన్నర నడిచి, ఒక మందలింపుతో ముగిసింది. ఇప్పుడాయనకి ఏ ఆఫీసూ లేదు, హోదా లేదు. పెద్దాఫీసరు మారిపోయాడు. కొత్తాయనకి ఇదంతా వింత. అయినా ఏటా ఆ కాగితం నేను కొత్త తేదీతో టైపు చేస్తాను, ఆయన సంతకం పెడతాడు, బావ పట్టుకెళ్తాడు. రెండో ఏడు పాలావిడ, "ఇవ్వను," అని ఒక స్టూలు వేసి కూర్చోమంది. మూడో ఏడు, "ఇవ్వను," అని గ్లాసుడు పాలు పెట్టింది. పాతికేళ్లకు పైగా ఎవరింటా నీళ్లు ముట్టని మనిషి ఆ పాలు తాగాడు. ఇప్పుడు నేనెవర్నీ తనిఖీ చేయడం లేదు కదా అన్నాడు నాతో.

ఇది నాలుగో ఏడు. బావ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. మొన్న పొద్దున కాగితం తెచ్చి ఇస్తే, వసారాలో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. వంగడం కష్టమై ఒక్కో తాడుకీ ఆగుతున్నాడు. నేను కడతానంటే వద్దన్నాడు. మనసులో తిరుగుతున్నది అడిగేశాను.

"నాలుగోసారి కూడా కాదంటే ఏం చేస్తావు బావా?"

"ఏం చేస్తాను? వచ్చేస్తాను."

"అంతేనా? అంత నీరు, అంత పచ్చిక... ఆ కారు మనిషికి ఇచ్చేస్తే?"

"ఆవిడ స్థలం."

"కాళ్లు పట్టుకునైనా ఒప్పించవా?"

రెండో బూటు ముడి వేసి, చెయ్యి నా భుజం మీద ఆనించి లేచాడు.

"ఇరవై ఆరేళ్లు హక్కు లేకుండా నేను కాదంటే ఆవిడ విన్నది కదరా. హక్కున్న మనిషి కాదంటే నేను వినొద్దా?"